ఐదో చరణం మరిచిపోలేదు

మా వాళ్ళు మరిచిపోయారని రాయమన్నారు నన్ను. రాయనన్నాను. జరిగింది ఇంతే. కానీ ఈ ఒక్క మాట అనడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అన్నాక దాని ఫలితం అనుభవించడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. కాబట్టి మొదటినుంచీ చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

నేను పుట్టింది భిలాయి సెక్టర్ ఏడులో, స్టీలు ప్లాంటు క్వార్టర్‌లో. మా నాన్న శ్రీకాకుళం వైపు పల్లెనుంచి వచ్చి ప్లాంటులో చేరిన మనిషి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో ఇంగ్లీషు. కోపం వస్తే మాత్రం నాకు మూడూ కలిసి వస్తాయి. పాట మీద పిచ్చికొద్దీ సంగీతంలో ఎం.ఏ. చేశాను. ఆ తర్వాత ఆంధ్రాలో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాను. ఊరు వదిలొచ్చిన తెలుగువాళ్ళు భిలాయిలో పాట ఎలా నేర్చుకున్నారు, పిల్లలకి ఎలా నేర్పారు, ఇప్పుడు ఎలా పాడుతున్నారు, ఇదీ నా విషయం. దానికోసం నేను ఎక్కడెక్కడో తిరగక్కర్లేదు. క్యాంప్ టూలో రామాలయం పక్క హాల్లో మా నాన్నవాళ్ళ భజన మేళం ఉంది. నేను పుట్టకముందునుంచీ ఆదివారం ఆదివారం పాడుతున్నారు.

వాళ్ళ పాటల్లో పెద్దది ఒక పడవ పాట. ఏడు చరణాలు. మేళం మొదలైన కొత్తలో ఏడుగురు మనుషులు తమ తమ ఊళ్ళనుంచి తలో చరణం తెచ్చి కలిపారట. పల్లవి అందరిదీ. చరణం మాత్రం ఎవరిది వాళ్ళదే. ఎంతగా వాళ్ళదంటే, అక్కడ మనుషుల్ని కూడా అలాగే పిలుస్తారు. మా నాన్న రెండో చరణం. "రెండో చరణం ఇంకా రాలేదేటి?" అంటే మా నాన్న ఇంకా సైకిల్ మీద దారిలో ఉన్నాడని అర్థం. చిన్నప్పుడు నాకది తమాషాగా ఉండేది. బళ్ళో తండ్రి పేరు అడిగితే రెండో చరణం అని చెప్పి టీచరమ్మతో చీవాట్లు తిన్నాను కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ముందు తప్పు చేసింది నేనే. ఆ మాట దాచుకోను.

మొదటి ఏడాది సెలవుల్లో వచ్చి నాలుగు ఆదివారాలు ఆ పాట రికార్డు చేశాను. ఏ వారమూ పాట పూర్తిగా లేదు. ఒక వారం మూడో చరణం దగ్గర ఎవరూ నోరు విప్పలేదు. ఇంకో వారం ఆరోదీ ఏడోదీ లేవు. ఐదోది నాలుగు వారాల్లోనూ లేదు. తాళాలు మాత్రం ఆగలేదు. చరణం పట్టేంతసేపూ చిటితాళాలూ డోలక్కూ నడుస్తాయి, అందరూ నేలచూపులు చూస్తూ కూర్చుంటారు, సరిగ్గా చరణం అయ్యే సమయానికి ఒక్కసారిగా పల్లవి ఎత్తుకుంటారు. నేను పెద్ద చదువరిని కదా! ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, పట్టిక గీసి, ఖాళీ ఉన్న ప్రతి చోటా "మరిచిన చరణం" అని రాసిపారేశాను. ఆ పట్టికనే మా గైడ్ మేడమ్‌కి పంపాను.

సెలవులు అయిపోయేలోగా ఆ కాగితాలు ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద మా నాన్న కంటపడ్డాయి. ఆయన రిటైరయ్యాక చేతికందిన ప్రతి కాగితమూ చదువుతాడు, కిరాణా పొట్లంతో సహా.

"ఏటే గుంటా ఇది? ఎవుడు మరిసిపోనాడు?"

"ఆరో చరణం మామయ్య లేడు కదా నానా ఆ రోజు. ఆ చరణం ఎవరికీ రాదు కదా."

"రాదని నీకెవుడు సెప్పినాడు? ఏడూ అందరికీ వొచ్చు. నాకు నిద్దట్లో లేపినా వొచ్చు."

"మరి పాడలేదేం?"

ఆయన నన్ను ఎలా చూశాడంటే, అన్నం ఎందుకు తింటారని అడిగిన పిల్లని చూసినట్టు చూశాడు. "ఆడు డ్యూటీలో ఉన్నాడే. ఉన్న మనిసి సరణం ఇంకోడు పాడతాడేటి?"

అప్పుడు విప్పి చెప్పాడు. మూడు షిఫ్టుల ఊరిది. ఏ వారమైనా ఎవరో ఒకరు లోపల ఉంటారు. లోపలికెళ్ళిన మనిషి బయటికొచ్చేదాకా వాడి జాగా వాడికి ఉంచాలి. వాడి చరణానికి తాళం వేస్తూ కూర్చోవాలి. వాడు చనిపోతేనో, ఇక నా వల్ల కాదని తన నోటితో తానే ఇంకొకరికి ఇచ్చేస్తేనో తప్ప ఆ చరణం వేరే గొంతు పాడకూడదు. పాడితే ఆ మనిషి లేడని చెప్పినట్టే.

"మీ యమ్మ గేటు కాడికి పరిగెట్టింది గేపకం నేదా?" అన్నాడు.

లేకేం! మా ఇంట్లో అది నవ్వుకోవడానికి చెప్పుకునే కథ. నాకు ఆరేళ్ళు. అప్పట్లో ఆదివారం భజన పొద్దున్నే ఉండేది. మా నాన్నది మొదటి షిఫ్టు, పొద్దున్న ఆరింటికే వెళ్ళిపోయాడు. ఆ రోజు మేళంలోకి ఊరినుంచి కొత్తగా వచ్చిన మనిషి ఒకడు ఉన్నాడు. పద్ధతి తెలియదు, గొంతు మంచిది, ఊళ్ళో ఆ చరణం విని ఉన్నాడు. రెండో చరణం దగ్గర ఖాళీ రాగానే అయ్యో పాపం అనుకుని అందుకున్నాడు. ఆడవాళ్ళ వరసలో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా అమ్మ ఒక్క కేక పెట్టింది. నన్ను పక్కావిడ ఒళ్ళోకి తోసేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెయిన్ గేటు దాకా పరిగెత్తింది. గార్డుతో హిందీలో ఏదో అంది, వాడికి అర్థం కాలేదు, లోపలికి పోనివ్వలేదు. రెండింటికి షిఫ్టు వదిలేదాకా ఎండలో అలాగే నిలబడింది. మా నాన్న టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. అందరి ముందూ ఆయన రెండు చెంపలూ తడిమి, ఆ తర్వాత ఇంటిదాకా తిట్టిందట, "నా పేణాలు తోడీసినారు కదరా" అని.

ఇన్నేళ్ళూ అమ్మది వట్టి కంగారు అనుకుని నవ్వాను నేను. ఆ పూట ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మేళం మధ్యలో పుట్టి పెరిగి, సంగీతం చదివి, మా నాన్నవాళ్ళ మర్యాదని మతిమరుపు అని రాశాను. పట్టికంతా దిద్దాను. తర్వాత రెండు సెలవుల్లోనూ వచ్చి ఆదివారాలన్నీ రికార్డు చేసి, ఒక్కొక్క చరణం ఎవరి నోట వచ్చిందో, ఏ రోజు ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో రాసుకున్నాను. ఆరు చరణాలు దొరికాయి. ఐదోది దొరకలేదు.

ఐదో చరణం నాకంటే చిన్నవాడు. వాళ్ళ నాన్న పోయాక ఆ చరణం వాడికి వచ్చింది. వాడు ఇక్కడే పుట్టాడు, తెలుగు చదవలేడు, మాట్లాడితే సగం హిందీ. కానీ పాట అందుకుంటే వాళ్ళ నాన్న గొంతే అంటారు. ప్లాంటులో ఠేకా పని, అంటే కాంట్రాక్టు కూలి. పర్మనెంటు వాళ్ళకి షిఫ్టులు మారుతాయి, వీడికి మారేదేమీ లేదు. పొద్దున్న ఎనిమిదినుంచి రాత్రి ఎనిమిది. కొత్త ఠేకేదారు వచ్చాక ఆదివారం అన్నదే వాడికి లేకుండా పోయింది. ఓ రోజు పొద్దున్నే డ్యూటీకి వెళ్తూంటే గేటు దగ్గర టీ కొట్టు ముందు పట్టుకున్నాను. పాడరా తమ్ముడూ అంటే నవ్వాడు. "అకేలా నై హోతా దీదీ, ఒక్కణ్ణే అవదు. తాళం లేకుండా ఎలా, అందరూ ఉండాల కదా." రాత్రి వాడు వదిలేసరికి మేళం లేచిపోతుంది, సగం మంది రాత్రి షిఫ్టుకి వెళ్ళే తొందరలో ఉంటారు. పాడలేదు కానీ మాటలు మాత్రం చెప్పాడు, బండి ఇంజను ఆపకుండానే. రాసుకున్నాను. వెనకాల లారీల హారన్లలో రికార్డింగ్ దేనికీ పనికి రాకుండా పోయింది.

మా గైడ్ మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కోపం చూసి మీరు అలా అనుకుంటారు. మంచి గాత్రం, పెద్ద గురువుల దగ్గర నేర్చుకున్న మనిషి. నా రాతలో హిందీ వాక్యం ఎక్కడ దూరినా ఎర్ర పెన్నుతో పట్టుకునేది. కానీ ఆవిడకి ఒక సిద్ధాంతం ఉంది. వలస వెళ్ళినవాళ్ళు ముందు భాష మరిచిపోతారు, తర్వాత పాట మరిచిపోతారు, చివరికి తాళం మాత్రం మిగులుతుంది అని. నేను పంపిన మొదటి పట్టిక ఆవిడకి పండగ భోజనంలా దొరికింది. మాటలు పోయి తాళం మిగిలిన పాట, సాక్షాత్తూ కళ్ళ ముందు! దాని మీద ఒక సదస్సులో ప్రసంగం కూడా చేసేసింది. ఆ తర్వాత నేను వెళ్ళి, అయ్యో మేడమ్, అది నా తప్పు, వాళ్ళు మరిచిపోలేదు అంటే ఆవిడకి ఎలా ఉంటుంది?

"మిగతా ఆరింటికీ రికార్డింగ్ ఉంది, ఒప్పుకుంటాను. ఐదోదానికి ఆధారం ఏది?" అంది.

"అతను చెప్పాడు మేడమ్. నేను రాసుకున్నాను."

"అది మాటల్లో చెప్పింది. పాడింది కాదు. ఎక్కడో విన్నది చెప్పి ఉండొచ్చు, అక్కడికక్కడ కల్పించి ఉండొచ్చు. మేళం నోట రాని చరణం మేళం మరిచిపోయిన చరణమే. విస్మృత చరణం అని రాయి."

"మా నాన్నకి కూడా వచ్చు మేడమ్. అందరికీ వచ్చు. పాడకూడదని పాడరు."

"తెలిసి పాడనివాళ్ళనీ, తెలియక పాడలేనివాళ్ళనీ చదివేవాడు ఎలా వేరు చేస్తాడమ్మా?"

ప్రశ్న సరైనదే. ఇప్పటికీ సరైనదే అంటాను. కానీ దాని వెనకే ఇంకో మాట అంది. "నీ వాళ్ళు కాబట్టి నీకు బాధగా ఉంది. పరిశోధన చేసేవాళ్ళు బాధపడకూడదు." ఒళ్ళు మండిపోయింది నాకు. ఆవిడ గురువుగారి ఇంట్లో ఏదైనా పాట ఆగిపోతే దానికి సంప్రదాయం అని పేరు, మా క్యాంప్ టూలో ఆగిపోతే మతిమరుపు! నోటిదాకా వచ్చింది, మింగేశాను. "మీరే వచ్చి వినండి మేడమ్," అన్నాను. ఆవిడకి ఆ నెల్లోనే రాయ్‌పూర్‌లో ఏదో సమావేశం ఉంది. సరే, తిరుగు ప్రయాణం భిలాయి పక్క దుర్గ్‌లో రైలెక్కుతాను, ఆదివారం మధ్యాహ్నం వచ్చి వింటాను అంది. వెళ్ళేముందు ఒక షరతు కూడా పెట్టింది. ఐదో చరణం వాళ్ళ నోట తన చెవులతో వింటే నా అధ్యాయం నేను రాసినట్టే సంతకం పెడుతుంది. వినకపోతే తను చెప్పినట్టు నేను మార్చాలి.

నేను మొదట చేసిన పని ఐదో చరణానికి ఫోన్ చేయడం. వాడు ఠేకేదారు కాళ్ళావేళ్ళా పడ్డాడు. సెలవు ఇవ్వలేదు. రాకపోతే గేట్ పాస్ లాగేసుకుంటానన్నాడట. "సారీ దీదీ," అన్నాడు, ఏదో తనే తప్పు చేసినట్టు.

ఆ ఆదివారం నాలుగింటికి మేడమ్ వచ్చింది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ వేశారు, అక్కర్లేదని చాప మీదే కూర్చుంది. మా వాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చారు. ఆడవాళ్ళ వరసలో ఐదో చరణం పెళ్ళాం కూడా ఉంది, ఒళ్ళో ఏడాది పిల్ల. పడవ పాట ఎత్తుకున్నారు. మా నాన్న రెండో చరణం అదరగొట్టాడు, మేడమ్ తల ఊపుతూ వింది. నాలుగోది అయ్యింది. పల్లవి అయ్యింది. తర్వాత తాళాలు మాత్రం మిగిలాయి. మేడమ్ నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేసింది. నేను ఆవర్తాలు లెక్కపెట్టమని వేళ్ళతో చూపించాను. సరిగ్గా ఎనిమిది అవగానే పల్లవి. ఒక్క మాత్ర అటూ ఇటూ పోలేదు.

పాట అయిపోయాక ఆవిడ చాలా మర్యాదగా అడిగింది. "చాలా బాగా పాడారు. ఆ ఐదో చరణం కూడా ఒక్కసారి వినిపించండి. మీకు వచ్చని మా అమ్మాయి చెప్పింది. తన డిగ్రీ దీని మీదే ఆధారపడి ఉంది."

ఆ చివరి వాక్యం అననక్కర్లేదు ఆవిడ. అందరూ మా నాన్న వైపు చూశారు. మా నాన్న నా వైపు చూశాడు. నేను చదువుకున్నన్నాళ్ళూ, ఆడపిల్లకి ముప్పై దాటినా ఇంకా చదువేంటని అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పుకుంటూ వచ్చిన మనిషి. ఆయన ముందుకి జరిగి కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. చేతిలో తాళాలు కలిపాడు. పాడేస్తున్నాడని నాకు తెలిసిపోయింది.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ పాడితే బాగుండుననిపించింది. ఒక్క చరణం. రెండు నిమిషాల పని. అటు చూశాను. ఐదో చరణం పెళ్ళాం పిల్లని గట్టిగా గుండెలకి అదుముకుంది, పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఆ అమ్మాయి మా నాన్న నోటివైపే చూస్తోంది. ఇక నా వల్ల కాలేదు.

"నానా, పాడకు!" అని అరిచాను.

హాలంతా ఉలిక్కిపడింది. మేడమ్ కూడా. "మేడమ్, వాళ్ళు పాడరు," అన్నాను లేచి నిలబడి. "వాళ్ళ చేత పాడించడానికి మీరు ఎవరు, నేనెవరిని? అతను బతికున్నాడు. డ్యూటీలో ఉన్నాడు. నా డిగ్రీ కోసం ఆ మనిషిని చంపుకోమంటారా?"

అలా అనకూడదు. గైడ్‌తో ఎవరూ అలా మాట్లాడరు. అన్నాక కూడా నేను కూర్చోలేదు. అప్పుడు ఆ అమ్మాయి పిల్లని భుజాన వేసుకుని లేచి, మేడమ్ దగ్గరికి వచ్చి, వచ్చీరాని తెలుగులో అంది. "మేడమ్ జీ, ఆయన ఎనిమిదింటికి వదుల్తాడు. ఎనిమిదిన్నరకి ఇక్కడుంటాడు. మీరు కూర్చోండి, నేను రొట్టెలు చేసి పెడతాను. ఆయన వచ్చి మీకు పాడతాడు."

మేడమ్ వాచీ చూసుకుంది. "నాకు ఏడున్నరకి ట్రైన్ ఉందమ్మా," అంది.

దుర్గ్ స్టేషన్‌కి ఆటో ఎక్కించాను. రైలెక్కే ముందు ఆవిడ, "నేను విన్నదే నేను రాయనిస్తాను," అంది. కోపంగా కాదు, మామూలుగానే. ఇంటికొచ్చేసరికి మా నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను.

"పాడీసీవోణ్ణే," అన్నాడు. "నువ్వు అరవకపోతే పాడీసీవోణ్ణి. ఆడి నాన్న మొకం ఎలాగ సూసీవోణ్ణో రేపు పైకెల్నాక." అని కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. భయంతోనే ఏడ్చాను, గొప్పలు పోను.

ఆ తర్వాత డిపార్ట్‌మెంటులో అందరూ నాకు బుద్ధి చెప్పేవాళ్ళే. ఒక్క పదం కదా, రాసేసి డిగ్రీ తెచ్చుకో, తర్వాత నీ పుస్తకంలో నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో అన్నారు. ఒక్క పదమే. ఆ పదం అచ్చులోకి వెళ్తే రేపు ఇంకొకడు దాన్ని ఎత్తి రాస్తాడు, వాణ్ణి చూసి ఇంకొకడు రాస్తాడు. భిలాయి తెలుగువాళ్ళు పాట మరిచిపోయారన్నది నిజమైపోతుంది. అప్పుడు ఐదో చరణం స్వయంగా ఎదుట నిలబడి పాడినా, ఇది ఎక్కడినుంచి తెచ్చావని వాణ్ణే అడుగుతారు. నేను రాయనన్నాను. గైడ్‌ని మార్చుకున్నాను. దరఖాస్తులు, కమిటీలు, సంతకాలు, ఏడాదిన్నర. నాతో చేరినవాళ్ళు ఉద్యోగాల్లో చేరిపోయారు.

నా పట్టికలో ఐదో చరణం గడిలో మాటలు లేవు. "డ్యూటీలో ఉన్నాడు" అని ఉంది. వైవా రోజు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ దగ్గరే ఆగాడు. పెద్ద వయసు మనిషి. చాలాసేపు చూసి, "ఇప్పుడు కూడానా?" అని అడిగాడు.

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. "అవును సార్," అన్నాను. "ఇప్పుడు కూడా."

ఆయన పేజీ తిప్పాడు.

డిగ్రీ వచ్చింది. ఇప్పుడు దాన్ని పుస్తకంగా వేస్తామంటున్న ఆయన కూడా అదే పాట పాడుతున్నాడు. మీ నోట్‌బుక్కులో మాటలు ఉన్నాయి కదా, చదివేవాళ్ళకి వెలితిగా ఉంటుంది, ఆ గడి నింపేయండి అంటున్నాడు. ఇంతదూరం చదివారు కాబట్టి మీరూ అదే అనుకుంటూ ఉంటారు. మాటలు నా దగ్గర ఉన్నాయి. చెప్పను. నేను ఇది రాస్తున్నది ఆదివారం మధ్యాహ్నం, వాడు లోపల ఉన్నాడు. వినాలని ఉంటే క్యాంప్ టూకి రండి. వాడు బయటికొచ్చేదాకా కూర్చోండి.